ముందు రెండు లేన్లు మూసి ఉన్నాయి

జరగని ప్రమాదాలకు ముందుగానే మాటలు రాసిపెట్టడం నా ఉద్యోగం. పెళ్ళిళ్ళలో ఎవరైనా "ఏం చేస్తున్నావమ్మా?" అని అడిగితే ఇలాగే చెబుతాను. వాళ్ళు నన్నొకసారి జాలిగా చూసి భోజనాల వైపు వెళ్ళిపోతారు.

వివరంగా చెప్పాలంటే ఇదీ సంగతి. ఔటర్ రింగు రోడ్డు మీద అక్కడక్కడ పెద్ద పెద్ద డిజిటల్ బోర్డులుంటాయి. మామూలు రోజుల్లో వాటిమీద సీటు బెల్టు పెట్టుకోమని ఉంటుంది, ఎవరూ చదవరు. ఎక్కడో ఒక లారీ టైరు పేలినప్పుడు, ఆయిలు ఒలికినప్పుడు, పొగమంచు కమ్మినప్పుడు వాటికి పని పడుతుంది. ఏ చోట ఏం జరిగితే ఏ బోర్డు మీద ఏ మాట రావాలి, క్రేన్ ఎటునుంచి రావాలి, బండ్లను ఏ ఎగ్జిట్ దగ్గర కిందికి దింపాలి అన్నవన్నీ ముందే రాసి ఉండాలి. లారీ అడ్డం పడ్డాక కూర్చుని ఆలోచించే తీరిక ఎవరికీ ఉండదు. రోడ్డు బాగోగులు చూసే కాంట్రాక్టు కంపెనీ ఒకటి శంషాబాద్ దగ్గర కంట్రోల్ రూమ్ నడుపుతుంది. అందులో గోడ నిండా కెమెరా తెరలు, వాటికెదురుగా నా కుర్చీ, పక్కన నా ప్లాన్ల ఫైలు. కిటికీలోంచి చూస్తే దిగుతున్న విమానాల పొట్టలు కనిపిస్తాయి.

ఈ ఉద్యోగం నాకు బేరం వల్ల వచ్చింది. మాది స్టీలు సామాన్ల కొట్టు. కోస్తా నుంచి వచ్చిన మా నాన్న, బడంగ్‌పేట్‌లో కొత్త కాలనీలు లేస్తున్న రోజుల్లో, కొత్త ఇల్లంటే కొత్త గిన్నెలు అన్న ఒక్క సూత్రం మీద ఆ కొట్టు పెట్టాడు. నాన్న పోయాక గల్లా దగ్గర అమ్మ కూర్చుంది. మా పిన్నిది గాజుల కొట్టు, మేనమామది చెప్పుల కొట్టు. మాటల కంటే ముందు నాకు బేరం వచ్చిందని మావాళ్ళు చెప్పుకుంటారు. అడిగిన ధరకు ఏదైనా కొన్నానంటే ఆ పూట నాకు అన్నం సహించదు. జామకాయల బండి దగ్గర పావుగంట నిలబడి పది రూపాయలు తగ్గించి, ఇంటికొచ్చి చూసుకుంటే అందులో రెండు పుచ్చువి ఉండడం నా జీవితంలో చాలాసార్లు జరిగింది. ఒకసారి టోల్ గేటు దగ్గర, మా కంపెనీ బూత్‌లో కూర్చున్న అమ్మాయినే, అలవాటు కొద్దీ "చివరికెంతకిస్తావ్?" అని అడిగాను. వెనక హారన్లు మోగుతుంటే ఆ పిల్ల నవ్వాపుకోలేక చిల్లర కింద పడేసుకుంది.

ఇంటర్వ్యూలో మా సారు, అంటే కంట్రోల్ రూమ్ మేనేజరు, నా చేతికొక కాగితం ఇచ్చాడు. "ముందు రహదారిపై ప్రమాదము సంభవించినందున వాహనచోదకులు తమ వేగమును తగ్గించుకొని జాగ్రత్తగా ప్రయాణించవలసినదిగా మనవి" అని ఉంది దానిమీద. బోర్డుకు మూడు వరుసలే. వరుసలో పట్టేది రెండు మూడు మాటలు, అంతే.

"దీన్ని ఎంతకు తగ్గిస్తావమ్మా?" అన్నాడు.

తగ్గించడం గురించి నన్నడిగితే నేను ఆగుతానా? "ముందు ప్రమాదం, నెమ్మదిగా వెళ్ళండి" అని రాసిచ్చి, "మూడో వరుస ఖాళీగా మిగిలింది సార్, దాన్ని ఇంకెక్కడైనా వాడుకోండి" అన్నాను. సోమవారం నుంచి రమ్మన్నాడు.

ఫైలు నాదే గానీ, దాన్ని నిజంగా చదివే మనిషి ఒక్కడే ఉండేవాడు. ఆయన పెట్రోలింగ్ బండి మీద తిరిగే అన్న. యాభై దాటాయి. శంషాబాద్ పక్క పల్లెలో తాతల నాటి రైతు కుటుంబం. వాళ్ళ చేనులో కొంత ఈ రోడ్డు కిందికే పోయింది. "మూడో లేను ఉన్న కాడ మా జొన్న చేను ఉండె" అని చిరునామా చెప్పినట్టు చెప్పేవాడు, అందులో ఏడుపూ ఉండేది కాదు, గొప్పా ఉండేది కాదు. రోడ్డు మీద ఏ బండి ఆగిపోయినా ముందు చేరేది ఆయనే. ప్లాస్టిక్ కోన్లు వరసగా పెట్టి, ఎర్ర జెండా పట్టుకుని, క్రేన్ వచ్చేదాకా ఆగిన లారీకీ, దూసుకొచ్చే బండ్లకీ మధ్య నిలబడతాడు. అంటే నా బోర్డు మాట ఎవరైనా వినలేదనుకోండి, ఆ వినని బండి ముందుగా చేరేది ఆయన దగ్గరికి.

ఆయన నన్ను చెల్లె అనేవాడు. నేను చేరిన కొత్తలో ఒకరోజు ఫైలు తెరిచి, ఒక్కో మాట కింద వేలు పెట్టి, పైకి చదువుకుంటూ ఒకచోట ఆగాడు.

"ఏంది చెల్లె ఇది? హిమాయత్ సాగర్ కాడ లారీ ఆగితే బండ్లన్ని సర్వీస్ రోడ్డుకు దింపాలె అని రాసినవ్?"

"మరి ఎటు దింపమంటారు అన్నా?"

"వానల్ల సాగర్ గేట్లెత్తిన్రనుకో, ఆ సర్వీస్ రోడ్డు మీదికెళ్ళే నీళ్ళు పోతయ్. నువ్వు దింపేటియి బండ్లా, పడవలా?"

ఆ రోజు నుంచి ఆ చోటికి వానకొక ప్లాను, ఎండకొక ప్లాను రాశాను. ఇలాంటివి ఆయన దగ్గర బోలెడు. ఏ వంతెన కింద బర్రెలు దాటుతాయో, జల్‌పల్లి వైపు నుంచి వచ్చే క్రేన్ ఏ వేళకు ఎక్కడ ఇరుక్కుంటుందో, ఏ మలుపులో సాయంత్రం ఎండ నేరుగా కళ్ళలో పడి బోర్డు కనిపించదో అన్నీ ఆయనకు తెలుసు. నేను మ్యాపు చూసి రాసేదాన్ని. ఆయన నిలబడి చూసి చెప్పేవాడు. ప్రతి ప్లానూ చదవడం అయ్యాక ఒకే ప్రశ్న అడిగేవాడు.

"ఇండ్ల నేను యాడ నిలబడ్డ చెల్లె?"

మొదటిసారి అడిగినప్పుడు ప్లానంతా మళ్ళీ చదివి చూశాను. నేను రాసిన కాగితంలో బోర్డులున్నాయి, ఎగ్జిట్లున్నాయి, ఫోన్ నంబర్లున్నాయి, ఆయన మాత్రం లేడు. ఆ తర్వాత ప్రతి ప్లానులోనూ మొదటి వాక్యం అదే రాశాను, పెట్రోలింగ్ మనిషి నిలబడే చోటు. మిగతా ప్లానంతా ఆ చోటు చుట్టూ కట్టుకుంటూ వెళ్ళాను. నా పనిలో నాకు ఏదైనా చాతనైందంటే అది ఆ ఒక్క ప్రశ్న పుణ్యమే.

బోర్డు పని చేస్తోందో లేదో కొలవడానికి మా దగ్గర కంప్యూటర్లున్నాయి, రంగురంగుల గీతలు గీస్తాయి. అన్నకు మాత్రం తన కొలత తనకుంది. ఒకరోజు నన్ను పెట్రోలింగ్ బండిలో ఎక్కించుకుని, ఔటర్ మీదుగా దాటే ఒక పల్లె రోడ్డు వంతెన మీదికి తీసుకెళ్ళాడు. కింద మా వైపు నాలుగు లేన్లు. డివైడర్‌ను ఆనుకున్నది ఒకటో లేను, ఎడమ అంచున ఉన్నది నాలుగో లేను. దూరంగా బోర్డు మీద నాలుగో లేను మూసి ఉందని వెలుగుతోంది. గడ్డి కోసేవాళ్ళ కోసం ఆ రోజు ఆ లేను మూశారు.

"పది బండ్లు లెక్కవెట్టు. నాలుగో లేన్ల వస్తున్న బండ్లే. బోర్డు చూడంగనే పక్కకు జరిగినోడు ఒకటి. కోన్లు చూసి జరిగినోన్ని లెక్కవెట్టకు."

"అదేంటన్నా, వాడూ జరిగాడు కదా?"

"వాడు కోన్లను చూసి జరిగిండు, నీ మాట విని కాదు. కోన్ల కాడ నేనుంట. వాడు ఒక్క నిమిషం ఫోన్ చూసిండనుకో, ఇగ కోన్లూ లేవు, నేనూ లేను."

పదింట్లో నాలుగు జరిగాయి. మళ్ళీ పది లెక్కపెట్టాం. మళ్ళీ నాలుగే.

ఆ నాలుగు నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. మిగిలిన ఆరుగురు ఎవరో నాకు తెలుసు. వాళ్ళను చిన్నప్పటి నుంచీ కొట్లో చూస్తున్నాను. నువ్వు ఆరొందలంటావు, వాళ్ళు మూడొందలంటారు. బోర్డు మూసేశామంటుంది, వీళ్ళు 'ఎంతో కొంత సందు ఉండకపోతుందా' అనుకుంటారు. వీళ్ళు నా బోర్డుతో బేరమాడుతున్నారు! బేరమాడేవాడికి ఎలా చెప్పాలో మా వంశంలో ఎవరికి తెలియదు?

ఫైలు మొత్తం తిరగరాశాను. ఒక లేను మూస్తే రెండు మూశామని. ఇరవై నిమిషాల ఆలస్యమైతే నలభై అని. టైరు మార్చుకుంటున్న బండికి 'ముందు ప్రమాదం' అని. వాళ్ళు సగానికి తగ్గించుకున్నా సరిగ్గా నిజం దగ్గరికి వచ్చి ఆగుతారు. నా లెక్కలో ఎక్కడా పొరపాటు లేదు.

పని చేసింది కూడా. మొదటి వారాల్లో పదింట్లో ఏడు జరిగాయి. ఒకరోజు ఎనిమిది. సారు రంగుల గీతలు చూసి మా ఇద్దరికీ చాయ్ ఇప్పించాడు, ఆయన చరిత్రలో అది చిన్న విషయం కాదు. అన్న మాత్రం చాయ్ పట్టుకుని చల్లారేదాకా తాగలేదు.

"చెల్లె, ఒక్క లేను మూస్తే రెండని చెప్తున్నవ్. అబద్ధం గద?"

"అబద్ధం కాదన్నా, బేరం. వినేవాడు ఎటూ తగ్గించుకుంటాడు."

"నాకు దుకాణం ఎరుక లేదు. సేను గట్టు కాడ అయితే గట్ల చెప్పం."

"ఇప్పుడు ఎనిమిది జరుగుతున్నాయి కదా, మీకే మంచిది."

"గదీ నిజమే" అన్నాడు, కానీ ఆయన కళ్ళు ఒప్పుకోలేదు. నేను మాత్రం గెలిచిన బేరంతో ఇంటికి వెళ్ళాను.

తర్వాత లెక్క దిగడం మొదలైంది. ఏడు, ఆరు, ఐదు. వర్షాకాలం కదా, బోర్డు సరిగ్గా కనబడడం లేదేమో అన్నాను. అన్న తన కోన్లను ఇంకో పాతిక అడుగులు ముందునుంచే పెట్టడం మొదలుపెట్టాడు. అంటే వాటిని పెట్టడానికి తను ఇంకో పాతిక అడుగులు బండ్లకు ఎదురు నడవాలి. ఆ పాతిక అడుగులూ నా వల్లనే అని నాకప్పుడు తట్టలేదు.

ఆ పొద్దున సన్నటి జల్లు పడుతోంది. విమానాశ్రయానికి వెళ్ళే ట్యాక్సీలు బారులు తీరే వేళ. శంషాబాద్ ఎగ్జిట్‌కు కాస్త ముందు, నాలుగో లేనులో సిమెంటు లారీ ఒకటి ఇరుసు విరిగి కూలబడింది. అన్న ఫోన్ చేశాడు, "ఒక్క లేనే చెల్లె." ప్లాను ప్రకారం 'ముందు రెండు లేన్లు మూసి ఉన్నాయి' అని వెలిగించాను. కాసేపటికి క్రేన్ వచ్చింది. లారీని లేపాలంటే దానికి పక్క లేను కూడా కావాలి.

"ఇగ మూడోది గూడ మూస్తున్న. ఇప్పుడు రెండు లేన్లు చెల్లె."

బోర్డు మీద అప్పటికే రెండని ఉంది. మొదటిసారి అది నిజమైంది. మూడని పెంచనా అని వేళ్ళు కీబోర్డు మీదికి వెళ్ళాయి. నిజమే ఉంది కదా, ఉండనీ అనుకుని ఆగాను.

తెర మీద ట్యాక్సీలు మూడో లేనులోనే వస్తున్నాయి. ఎగ్జిట్ ఎడమ వైపు కాబట్టి వాళ్ళకు ఎడమనే ఉండాలని ఆశ. అన్న కోన్లు పెడుతూ, జెండా ఊపుతూ, బండ్లకు ఎదురుగా నడుస్తున్నాడు. ఒక ట్యాక్సీ తప్పుకుంది. రెండోది తప్పుకుంది. మూడోది ఒక బస్సు వెనకాల ఉంది. బస్సు తప్పుకోగానే దాని ముందు కోన్లు, వాటి వెనక అన్న. కోన్లు మూడు గాల్లోకి లేచాయి. అన్న నాలుగో లేను మీదుగా పరుగెత్తి, అంచునున్న ఇనుప రెయిలింగ్ మీదినుంచి అవతలికి దూకాడు. తెర మీద ఆయన ఉన్న చోట ఆయన లేడు.

నేను ఫోన్లో అరుస్తున్నాను. ఫోన్ కట్ కాకుండా ఆయన జేబులోనే ఉన్నట్టుంది, వాన చప్పుడు, బ్రేకుల చప్పుడు వినబడ్డాయి. కాసేపటికి రెయిలింగ్ మీద ఒక చెయ్యి కనిపించింది. తర్వాత తల. ట్యాక్సీ క్రేన్‌కు జానెడు దూరంలో ఆగి ఉంది. జెండా దాని చక్రం కింద ఉంది.

"కండ్లు యాడ వెట్టుకున్నవ్‌రా? బోర్డు చూడలే?" అన్న గొంతు.

"చూసిన కాకా."

"చూసి?"

"మీ బోర్డు రెండంటే ఒకటే గద కాకా! రోజూ చూస్తలేమా? నలభై నిమిషాలంటే ఇరవై, రెండు లేన్లంటే ఒకటి. మా స్టాండ్ల అందరికీ ఎరుకే. మూడో లేను ఖాళీ ఉంటది అనుకున్న."

 బోర్డు మీద ఆ రెట్టింపు లెక్క పెట్టింది ఎవరో అన్నకు తెలుసు. నా ఊసు ఎత్తలేదు.

"ఇయ్యాల రెండే ఉండె బిడ్డా" అన్నాడు, అంతే.

సాయంత్రం ఇంటికి పోకుండా నేరుగా అమ్మ కొట్టుకు వెళ్ళాను. గిన్నెల మధ్య కూర్చుని జరిగిందంతా చెప్పాను. అమ్మ వింటూ వింటూ ఒక టిఫిన్ డబ్బా మూత పెట్టడం ఆపేసింది.

"ఆ రోడ్డు మీద వెళ్ళేది ఎవరే? కొత్తవాళ్ళా, రోజూ వెళ్ళేవాళ్ళా?"

"పొద్దున పూట ఎక్కువగా ట్యాక్సీలమ్మా. రోజూ వాళ్ళే."

"రోజూ వచ్చేవాడికి డబుల్ చెప్పావా?" అమ్మ నా తల వైపు చూసింది, అందులో ఏముందో వెతుకుతున్నట్టు. "దారినపోయేవాడికి చెప్పుకోవచ్చు, వాడు మళ్ళీ రాడు. పాలు పోసేవాడికి, పక్కింటి టీచరమ్మకి మనం ఏనాడైనా ఎక్కువ చెప్పామా? వాళ్ళకి మన అసలు ధర తెలుసు. ఒకసారి కనిపెట్టారంటే నిజం ధర చెప్పినా సగానికే అడుగుతారు. నీకు కొట్టు ఎవరే నేర్పింది?"

"నువ్వే."

"సగమే నేర్చుకున్నావు" అంది అమ్మ. డబ్బా మూత గట్టిగా నొక్కింది.

ఎక్కడెక్కడి నుంచో వచ్చే జనాన్ని చూసి, రోడ్డంటే కొత్తవాళ్ళ సంత అనుకున్నాను నేను. అది రోజువారీ గిరాకీ వచ్చే వీధి కొట్టు. దుకాణదారు కూతురు తప్ప ఇంకెవరూ చెయ్యలేని తప్పు అది. ఆ తప్పుకు ధర కట్టేది మాత్రం ఎర్ర జెండా పట్టుకున్న రైతు.

మర్నాడు అన్న మోచేతికి కట్టుతో వచ్చాడు. నేను రాత్రంతా కూర్చి పెట్టుకున్న పెద్ద క్షమాపణ మొదలుపెట్టాను. నాన్న కొట్టు నుంచి ఎత్తుకున్నాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"మూడు వరుసల్ల చెప్పు చెల్లె. బోర్డు మీద గంతే పడ్తది."

కూర్చిపెట్టుకున్నదంతా పక్కన పెట్టాను. "తప్పు నాది. రెట్టింపు చెప్పాను. ఇక చెప్పను."

వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. "మూడయినయ్. ఇగ ఫైలు తియ్యి."

ఆ పగలంతా ఇద్దరం కూర్చున్నాం. నేను మళ్ళీ నిజం రాసుకుంటూ పోతున్నాను. అన్నకు అది చాలలేదు. మూయడం ఒక్కటే చెబితే ఎట్లా, తెరిచినప్పుడు కూడా వెంటనే చెప్పాలి కదా అన్నాడు. లారీ పోయిన గంటకు కూడా 'ముందు ప్రమాదం' అని బోర్డు వెలుగుతుంటే, దాన్ని చూసినవాడు రేపు నిజం ప్రమాదాన్ని కూడా నమ్మడు. అందుకని చివరి కోన్ చేతిలోకి తీసుకోగానే ఆయనే ఫోన్ చేస్తాడు, నేను ఆ క్షణమే తీసేస్తాను, సారు సంతకం కోసం ఆగేది లేదు. లేన్ల సంఖ్య మారితే బోర్డు కూడా మారాలి. మరి ఏం జరిగిందో మనకే ఇంకా తెలియనప్పుడో? అలాంటప్పుడు ఇప్పటిదాకా 'ప్రమాదం' అనే పెట్టేవాళ్ళం. "ఎరుక లేదని చెప్పు" అన్నాడు. "ఎరుక లేనోడు ఎరుక లేదంటే జనం నమ్ముతరు."

'కారణం తెలియదు' అన్న మాట చూసి సారు కుర్చీలో వెనక్కి వాలాడు.

"బోర్డు మీద మాకు తెలియదని పెట్టుకుంటామా? కంపెనీ పరువేం కావాలమ్మా?"

నేను అన్ని బోర్డులూ, ఏడాది పాటు అడిగాను. ఆయన ఒక్క బోర్డు, ఒక్క వారం అన్నాడు. గంట తర్వాత శంషాబాద్ ఎగ్జిట్‌కు ముందున్న నాలుగు బోర్డులు, వానలు వెలిసేదాకా అన్నచోట తెగింది. నాకు మొదటి నుంచీ కావలసింది ఆ నాలుగే. బోర్డు మీద బేరం మానేశాను గానీ, సార్లతో మానేస్తానని నేనెవరికీ మాటివ్వలేదు.

మొదట్లో మరీ ఘోరం. ఒక లేను అంటే ఒక లేనే మూస్తున్నాం, వాళ్ళేమో దాన్ని కూడా సగం చేసుకుంటున్నారు. పదింట్లో రెండే జరిగాయి. ఆ రెండును పట్టుకుని కూడా అన్న ప్రతిసారీ వెళ్ళి నిలబడ్డాడు. మోచేతి కట్టు విప్పకముందే నిలబడ్డాడు. తన డ్యూటీ కాని పూట విమానాశ్రయం దగ్గరి ట్యాక్సీల స్టాండుకు వెళ్ళి, చాయ్ బండి పక్కన నిలబడి డ్రైవర్లకు చెప్పాడట, "ఇగ డబుల్ లేదు, ఎంతుంటే గంతే" అని.

"ఎన్ని రోజులు కాకా ఈ ఆఫర్? స్టాక్ ఉన్నంతవరకా?" అని అందరూ నవ్వారట.

"నవ్వుకోనీ" అన్నాడు నాతో. "మాటతోని నమ్మరు. చూసి నమ్ముతరు. విత్తనం వెయ్యంగనే మొలుస్తదా?"

వంతెన మీద నిలబడి నేనే లెక్కపెట్టేదాన్ని, వారానికి రెండు మూడుసార్లు, గొడుగు కింద. మూడు. మూడు. నాలుగు. మళ్ళీ మూడు. ఎన్ని బేరాలు చేసినా ఒక్క అంకె పెరగడానికి ఇంతగా కాచుకున్నది లేదు. నా చేతిలో ఉన్నది ఒక్కటే, ఆయన ఫోన్ రాగానే వెలిగించడం, ఆయన ఫోన్ రాగానే ఆర్పడం. ఒక నిమిషం ఆలస్యమైతే నన్ను నేనే తిట్టుకునేదాన్ని. ఐదు వచ్చిన రోజు ఎవరికీ చెప్పలేదు, దిష్టి తగులుతుందని. ఆరు వచ్చాక సారుకు చెప్పాను. గీతలు చూసుకున్నాడు, ఈసారి చాయ్ ఇప్పించలేదు. కానీ వానలు వెలిసినా ఆ నాలుగు బోర్డుల ఊసు ఎత్తలేదు.

చలి మొదలైన ఒక పొద్దున టమాటాల లారీ ఒకటి అదే ఎగ్జిట్‌కు ముందు టైరు పేలి, నాలుగో లేనుకూ మూడో లేనుకూ మధ్య నిలిచిపోయింది. పెట్టెలు జారి రోడ్డంతా ఎర్రగా ఉంది. అన్న ఫోన్ చేశాడు.

"రెండు లేన్లు చెల్లె."

"నిజంగా రెండే కదా అన్నా?"

"నిజంగ రెండే."

'ముందు రెండు లేన్లు మూసి ఉన్నాయి' అని వెలిగించి, తెర వైపు చూశాను. అన్న కోన్లు చంకలో పెట్టుకుని బండ్లకు ఎదురుగా నడుస్తున్నాడు.  బోర్డు దాటిన మొదటి ట్యాక్సీ ఇండికేటర్ వేసింది, రెండో లేనులోకి వెళ్ళింది. దాని వెనకది వెళ్ళింది. బస్సు వెళ్ళింది. ఒకటి వెళ్ళలేదు, చివరిదాకా వచ్చి కోన్లు చూసి మెల్లగా తప్పుకుంది. మళ్ళీ వరసగా జరిగాయి. పదింట్లో తొమ్మిది. అన్న ముందు రెండు లేన్లూ ఖాళీగా ఉన్నాయి, ఎవరో ఊడ్చిపెట్టినట్టు. ఆయన ఆ ఖాళీలో తాపీగా నడుస్తూ, కాలికి తగిలిన టమాటాలను అంచుకు తోస్తూ, కోన్లు పెడుతున్నాడు.

ఫోన్ ఇంకా కలిసే ఉంది. రెండో లేనులో నెమ్మదిగా వెళుతున్న ట్యాక్సీ ఒకటి అద్దం దించింది కాబోలు, కేక వినిపించింది.

"ఏం కాకా, ఇయ్యాల నిజంగనే రెండా?"

"కండ్లున్నయ్ గద బిడ్డా, లెక్కవెట్టుకో!"

ఆ డ్రైవర్ ఏదో అన్నాడు, నాకు సరిగ్గా వినిపించలేదు. అన్న గట్టిగా నవ్వాడు. రోడ్డు మీద నిలబడి ఆయన నవ్వడం నేను వినడం అదే మొదటిసారి. లారీ లేచింది. ఊడ్చేవాళ్ళు ఊడ్చారు. ఆయన ఒక్కో కోన్ ఏరుకుంటూ వెనక్కి వస్తుంటే నా వేలు కీబోర్డు మీద సిద్ధంగా ఉంది.

"ఆఖరుది చేతిల ఉంది" అన్నాడు. "తీసెయ్ చెల్లె."

తీసేశాను.